లీవరుకీ హ్యాండిలుకీ మధ్య

"ఈ పూట ఆ కొత్త బ్రేకులు మచ్చిక చేసి పెట్టు, పిట్ట వస్తోంది," అన్నారు మా ఆయన, తింటున్న పళ్లెం మీంచి తలెత్తకుండానే. నేనూ తలెత్తలేదు. అత్తయ్య మందుల సీసా మూతతో కుస్తీ పడుతున్నాను. అది ఎంతకీ రాలేదు. ఆయన ఎడమచేత్తో అందుకుని, గుండెకి ఆనించుకుని ఒక్క తిప్పు తిప్పి తీసిచ్చారు. "నీ చేతుల్లో బలం లేదే," అన్నారు నవ్వుతూ. అత్తయ్య కూడా నవ్వింది. ఆ చేతులు తెల్లవారకముందు నుంచీ నీళ్ల బిందెలు మోశాయి, దుప్పట్లు పిండాయి, ముగ్గురికీ వండాయి. ఆ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ మాటకొస్తే నాక్కూడా రాలేదు, నేనూ నవ్వాను.

మా ఆయన పని బ్రేకులు పరీక్షించడం. కొండల్లో తొక్కే మౌంటెన్ బైకులకి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు చేసే కంపెనీ ఒకటి మా ఇద్దరికీ జీతమిస్తోంది. ఆయన టెస్ట్ రైడర్, నేను అసిస్టెంటుని. చదివింది ఒకటే చదువు, ఒకే క్లాసులో, పక్క పక్క బెంచీల్లో కూర్చుని. పెళ్లయ్యాక ఇద్దరికీ ఒకే చోట ఉద్యోగం దొరికిందంటే నా అదృష్టమే అదృష్టం అన్నారంతా. నిజమే కాబోలు. రెండు క్యారేజీలూ నేను సర్దుతాను, తాళం నేను వేస్తాను, ఒకే బండి మీద ఇద్దరం దిగుతాం. ఆలస్యమైతే మాత్రం "ఆడవాళ్లతో బయల్దేరడమంటే అంతే సార్" అని ఆయన అంటారు, పెద్దాయన పకపకా నవ్వుతాడు. పెద్దాయనంటే మా కంపెనీ యజమాని. నా ముఖం చూసి మాట్లాడిన రోజు నాకైతే గుర్తు లేదు.

మచ్చిక అంటే ఏమిటో చెప్పాలి. బ్రేకు లీవర్ నొక్కితే గొట్టంలో ఉన్న నూనె కదిలి, చక్రం మధ్యలో తిరిగే ఇనుప డిస్కుని రెండు ప్యాడ్లు రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. కొత్త ప్యాడ్లు సరిగ్గా పట్టవు. అవి డిస్కుకి అలవాటు పడేదాకా ఎవరో ఒకరు తొక్కుతూ, ఆపుతూ, మళ్లీ తొక్కుతూ, మళ్లీ ఆపుతూ ఉండాలి. దాన్నే మా షెడ్డులో మచ్చిక చెయ్యడం అంటారు. చూసేవాళ్లకి పిచ్చెక్కిందా అనిపిస్తుంది. అది నా పని. తర్వాత ఆయన వచ్చి, గ్లౌజులు తొడుక్కుని, కొండ దిగి, బ్రేకు బాగుందో లేదో తేలుస్తారు. ఆయన వేళ్లు పొడవు, నావి పొట్టి. అందుకని మచ్చిక చేసేటప్పుడు లీవర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి దాన్ని హ్యాండిల్ దగ్గరికి జరుపుకుంటాను. అయిపోగానే మళ్లీ ఆయన వేళ్లకి సరిపోయేంత దూరం జరిపి అప్పగిస్తాను. వంటయ్యాక గట్టు తుడిచినట్టే, నేను అక్కడ పనిచేసిన జాడ కనిపించకూడదు. ఇన్నేళ్లలో మా కొండ మీంచి పాసై వెళ్లిన ప్రతి బ్రేకూ ఆయన వేళ్ల దూరంలోనే పాసైంది. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడమే ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ కొత్త బ్రేకు గొప్పదనం ఏమిటంటే, లీవర్‌ని ఎంత చిన్న చేతికైనా దగ్గరగా జరుపుకోవచ్చట. ఆడవాళ్లు ధైర్యంగా కొండలు దిగొచ్చని వీడియో తీస్తారు. అందులో దిగబోయేది మా ఆడపడుచు. ఒంటిమీద గుప్పెడు కండ ఉండదు, చెట్టు చివర కొమ్మ మీద కూడా కూర్చోగలదని చిన్నప్పుడే అందరూ పిట్ట అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. దాని చేతులు నా చేతులకన్నా చిన్నవి.

ఆయన పిట్టనీ కెమెరా అతన్నీ తీసుకురావడానికి కిందికి వెళ్లారు. షెడ్డు కొండ పైన ఉంటుంది. ముందు చదునుగా కొంత నేల, దాని అంచు నుంచి అడవిలోకి మట్టిదారి. నేను మచ్చిక పూర్తిచేసి, స్క్రూ తిప్పడానికి జేబులో కీ తడుముకుంటూ ఆ అంచు దాకా వెళ్లాను. ఎన్నడూ దిగలేదు నేను. ఆయన వద్దనలేదు, పాపం, అబద్ధం ఎందుకు. దిగుతానని నేను అడగలేదంతే. వంట చేసేవాళ్లని ముందు నువ్వు తిను అని ఎవరూ అననట్టే నన్నూ ఎవరూ అనలేదు. ఆ పూట ఎందుకనిపించిందో తెలియదు. నా చేతుల్లో బలం లేదన్న మాట ఇంకా ఒళ్లంతా గీరుతున్నట్టే ఉంది. లీవర్ నా వేళ్ల దూరంలోనే ఉంచేసి, కీ జేబులో వేసుకుని, దిగాను.

మొదటి మలుపు దాకా సంతోషం. నోరు తెరిచి నవ్వాను, నోట్లో దుమ్ము పడింది. ఏటవాలు ఎక్కువవుతున్న కొద్దీ బ్రేకు మీద వేళ్లు తియ్యడానికి లేదు. నూనె వేడెక్కింది. లీవర్ మెత్తబడడం వేళ్లకి తెలిసింది, ఉడికీ ఉడకని గింజ వేళ్ల మధ్య తెలిసినట్టు. తర్వాతి మలుపులో ఇంకా మెత్తబడింది. ఎండిపోయిన వాగు దగ్గరి మలుపులో మొత్తం నొక్కాను. లీవర్ వచ్చి హ్యాండిల్‌కి ఆనుకుంది. ఇక నొక్కడానికి చోటు లేదు. నా బలం అంతా అలాగే ఉంది, ఎముకలు నొప్పెట్టేంత బలం, అది వెళ్లడానికే దారి లేదు. సైకిల్ ఆగలేదు. భయమేసింది. చచ్చిపోతానని కూడా అనుకున్నాను. పక్కనున్న మట్టిగట్టుకేసి తిప్పి పడ్డాను.

మోచెయ్యి దోక్కుపోయింది. లేచి సైకిల్ తోసుకుంటూ పైకి వచ్చేసరికి వాళ్లు వచ్చేసి ఉన్నారు. కెమెరా అతను ఎండ ముదిరిపోతోందని సణుగుతున్నాడు. పిట్ట హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని తయారుగా ఉంది.

"వదినా, ఏంటి ఆ రక్తం?" అంది.

"వేడెక్కాక లీవర్ హ్యాండిల్‌కి తగిలేస్తోంది. ఆగట్లేదు," అన్నాను మా ఆయనతో.

ఆయన లీవర్ నొక్కి చూశారు. "రాయిలా ఉంది కదా."

"చల్లారింది. తోసుకుంటూ వచ్చాను, ఎంతసేపైందో."

"ఈ వారమంతా ఈ రకం బ్రేకుతోనే దిగాను నేను. నాకు తగల్లేదే?"

"మీరు దూరంగా పెట్టుకుని దిగారు. మెత్తబడినా మీ లీవర్‌కి ఇంకా చోటుంటుంది. నాకు లేదు. పిట్టకీ ఉండదు."

"అలవాటు లేక కంగారుపడి నొక్కేసుంటావు," అన్నారు, కెమెరా అతనికి వినబడేలా నవ్వుతూ. "అసలు నిన్నెవరు దిగమన్నారు?" తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయనకి ఓకే చెప్పేశాను. ఇప్పుడు నా పరువు తియ్యకు. కీ తీసి పిట్టకి లీవర్ సరిచెయ్యి," అన్నారు.

నేను కదల్లేదు. లోపల మాత్రం పాత మాటలన్నీ వరసగా లేచాయి. నీకెందుకు ఆ గొడవ. వాడు చెప్పాక ఇంకేముంది అమ్మాయ్, అని అత్తయ్య. ఇంట్లో ఒక్కళ్లు మాట్లాడితే చాలు, అని మా అమ్మే. నేను సర్దుకుపోతాను, నాకది చేతనవును. నామీద పడ్డ మాట దులుపుకుని రాత్రికి కూర తరుక్కోగలను. కానీ ఈ సర్దుకుపోవడం నాతో ఆగదు. నేను తలూపి స్క్రూ తిప్పితే, వాగు మలుపులో ఆగకుండా పోయేది పిట్ట. నాకు దొరికిన మట్టిగట్టు దానికి దొరుకుతుందని ఏముంది? గట్టు పక్కనే లోయ. మోచెయ్యి మంట ఇప్పుడు తెలుస్తోంది, అయినా గొంతు మాత్రం నిలకడగానే వచ్చింది.

"ముందు మీరు దిగండి," అన్నాను. "లీవర్ పిట్ట వేళ్ల దూరంలోనే పెట్టుకుని."

"సరే, అదీ చూడు," అన్నారాయన. ఆ నవ్వు పోలేదింకా. నేను కీ తీసి స్క్రూ ఇంకాస్త తిప్పి పిట్ట వేళ్లకి సరిపెట్టి సైకిల్ ఇచ్చాను. ఆయన ఎక్కి, అంచు దాకా వెళ్లి, ఒక కాలు నేల మీద ఆనించి లీవర్ మీద వేళ్లు వేశారు. నొక్కారు. మళ్లీ నొక్కారు. ఆయన రైడర్, అందులో సందేహం లేదు. మనసు ఒప్పుకోకపోయినా ఆ వేళ్లకి తెలిసిపోయింది.

"ఇంత దగ్గరగానా?" అన్నారు. "కాస్త మెత్తబడితే చాలు, తగిలేస్తుంది. దీంతో నేను దిగను."

నోరు జారాక కానీ ఏమన్నారో ఆయనకి అర్థం కాలేదు. కెమెరా అతను బూట్లకేసి చూసుకున్నాడు.

"మరి నన్నెలా దిగమన్నావన్నయ్యా?" అంది పిట్ట. కోపంగా కూడా అనలేదు. హెల్మెట్ పట్టీ విప్పేసి, వచ్చి నా పక్కన నిలబడింది.

ఆయన సైకిల్ దిగి, దుమ్ము లేని ప్యాంటు దులుపుకుని, ఫోన్ తీసి పెద్దాయనకి చేశారు. "సార్, వీడియో ఈ రోజు వద్దు. చిన్న ఇబ్బంది కనిపెట్టాను. లీవర్ దగ్గరగా పెట్టినప్పుడు... ఆ, నాకు పొద్దున్నే అనుమానం వచ్చింది సార్." వింటున్నాను. కడుపు మండిపోయింది, దాచడం ఎందుకు. అయినా పిట్ట దిగడం లేదు కదా, అది చాలు, పోనీలే అనుకోబోయాను. పోనీలే అనే మాట నాకు ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వస్తుంది. అంతలో అవతల పెద్దాయన ఏదో అడిగాడు. ఆయన "ఒక్క నిమిషం సార్" అని, ఫోన్ అరచేత్తో మూసి నా వైపు తిరిగారు.

"ఏ మలుపులో తగిలింది? అప్పటికి ఎంతసేపు నొక్కి పట్టుకున్నావు? తొందరగా చెప్పు, అడుగుతున్నాడు."

చెప్పాలనే నోరు తెరిచాను కూడా, అలవాటు కదా. నేను అందించడం, ఆయన తన నోటితో పలకడం. మళ్లీ మూసుకున్నాను. నేను చెబితే ఆయన నేర్పుగా చెబుతారు, చిన్నదే సార్ అంటారు, నేను చూసుకుంటాను అంటారు. రేపు బాగుచేసి వచ్చిన బ్రేకుని మళ్లీ తన వేళ్ల దూరంలో పెట్టుకుని దిగుతారు, బ్రహ్మాండం అంటారు. అది పిట్టలాంటివాళ్ల చేతికి వెళుతుంది. చెయ్యి చాచాను. ఆయనకి అర్థం కాలేదు, కీ ఇస్తున్నాననుకున్నారు. నేనే ముందుకెళ్లి ఆయన అరచేతి కిందనుంచి ఫోన్ తీసుకున్నాను.

"ఏమయ్యా, ఉన్నావా?" అంటున్నాడు పెద్దాయన.

"నేనండీ," అన్నాను.

"ఓ, నువ్వామ్మా. మీ ఆయనకివ్వు."

"ఆయన ఇక్కడే ఉన్నారండీ," అన్నాను. "దిగింది నేను. చెబుతాను, వినండి."