కింది నాలుగు లైన్లు

మా ఇంట్లో కోపం నా వాటా, నిదానం మా వదిన వాటా. అన్నయ్యకు రెండూ దక్కలేదు, మాట కూడా పెద్దగా దక్కలేదు. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా కృత్రిమ కాళ్లు చెక్కుతాడు. మా నాన్న పెట్టిన వర్క్‌షాపు ఇది. కొలతలు, వచ్చేపోయేవాళ్లను నేను చూసుకుంటాను. మెయిళ్లు మాత్రం పన్నెండేళ్లుగా వదినే రాస్తుంది.

ఆ గురువారం ఉదయం పిల్లల ఆసుపత్రిలో ఆర్డర్లు చూసే ఆవిడ ఫోన్ చేసింది. పన్నెండుమంది పిల్లల కాళ్లకు కొలతలు, డ్రాయింగులు ఖరారు చేసి పంపమని వారం నుంచి అడుగుతుంటే మా వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదట.

"సాయంత్రం నాలుగింటిలోగా రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చెయ్యమన్నారండీ మా డాక్టరుగారు. నోటిమాట కుదరదు, మెయిల్‌లోనే రావాలి."

ఆ పిల్లలు మాకు కొత్త కాదు. పిల్లలు పెరుగుతారు, పెట్టిన కాలు పెరగదు. అందుకే ఏడాదికోసారి మా బెంచీ మీదికే వస్తారు. కొత్త కాలు తొడగ్గానే నెమ్మదిగా నడవమంటే వినరు, గోడ దాకా పరిగెత్తి చూసుకుంటారు. వాళ్లు ఇంకో గుమ్మం ఎక్కుతారనుకుంటేనే నాకు ఒళ్లు మండింది. పంపేశానని వదిన నాతో ముందే చెప్పి ఉంది. సరాసరి ఆవిడ కూర్చునే అద్దాల గదిలోకి వెళ్లి, అవతల పనివాళ్లంతా వింటుండగా అరిచాను.

"పంపకుండానే పంపానంటే ఎలా వదినా?"

వదిన కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. పంపినవాటిలో మూడు మెయిళ్లూ తేదీలతో సహా ఉన్నాయి. చిరునామాలో తప్పు లేదు. ఒక్కటీ తిరిగి రాలేదు.

అయితే ఆసుపత్రివాళ్లే చూసుకోలేదని వాళ్ల మీద పడ్డాను. ఆవిడ స్పామ్ కూడా గాలించిందట, లేవట. తర్వాత ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి వాళ్లనీ దులిపాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాళ్లు చేసే ఇంట్లో పుట్టి కూడా నాలుగోది పెట్టనివ్వను.

వదిన నా చేతిలో ఫోన్ తీసుకుంది. "నువ్వెళ్లి కాసిని మంచినీళ్లు తాగు." తర్వాత ఆసుపత్రి ఆవిడకు ఫోన్ చేసి, "మీకో చిన్న శ్రమ ఇస్తానండీ. నేను పంపేవి అందినవీ అందనివీ చెప్తూ ఉంటారా?" అంది.

ఒక కాగితం మీద నిలువు గీత గీసింది. అందినవి ఇటు, అందనివి అటు. ముందు 'ఒకటి' అన్న మాట తప్ప ఇంకేమీ లేని మెయిల్ పంపింది. అందింది. "దారి బాగానే ఉంది," అని రాసుకుంది. తర్వాత డ్రాయింగులు మాత్రం పంపింది. అందాయి. తర్వాత ఉత్తరంలోని సంగతి మాత్రం పంపింది. అదీ అందింది.

"ఇంకేం, అన్నీ చేరాయిగా!" అన్నాను.

"విడివిడిగా వస్తే నేను ఫైల్లో పెట్టలేనండీ," అంది ఫోన్లో ఆవిడ. "అన్నీ ఒకే మెయిల్‌లో, కింద మీ సంస్థ పేరు, అడ్రసుతో రావాలి."

అన్నీ కలిపి, ఎప్పటిలాగే కింద నాలుగు లైన్లతో పంపింది. పది నిమిషాలు చూశాం. రాలేదు.

ఆ నాలుగు లైన్లు మా నాన్నవి. తన పేరు, వృత్తి, అడ్రసు, వర్క్‌షాపు వెబ్‌సైటు. ఒక్క వేలితో గంటసేపు టైపు చేసుకున్నాడు. ఆయన పోయాక ఆ లైన్లలో అక్షరం కదిలినా ఊరుకోనని అందరికీ చెప్పినవాణ్ణి నేనే.

ఇప్పుడు వదిన ఉత్తరం లేకుండా ఒక్కో లైనే పంపడం మొదలుపెట్టింది. నాన్న పేరు అందింది. వృత్తి అందింది. అడ్రసు అందింది. వెబ్‌సైటు అందలేదు. మళ్లీ పంపింది. మళ్లీ అందలేదు.

వెబ్‌సైటు తెరిచి చూస్తే, మా నాన్న చేసిన కాళ్ల ఫొటోలు ఉండాల్సిన చోట పందేల ప్రకటనలు మిలమిలలాడుతున్నాయి. ఆ వెబ్‌సైటు చిరునామా గడువు పొడిగించుకోమని నోటీసు వచ్చినప్పుడు, 'ఇప్పుడు అదెవడు చూస్తాడు?' అని పక్కన పడేసింది నేనే. మేం వదిలేశాక దాన్ని ఎవరో పట్టుకున్నారు. ఆ మోసపు చిరునామా కనబడగానే ఆసుపత్రి కంప్యూటరు మా మెయిల్ మొత్తాన్ని గుమ్మంలోనే ఆపేస్తోంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దున్నుంచి కనబడ్డవాళ్లందరినీ తిట్టాను.

వదిన కాగితం చూశాను. పై మూలన, అన్నిటికంటే ముందు, పెన్సిల్‌తో 'కింది లైన్లు?' అని రాసి ఉంది.

"ముందే తెలుసా వదినా?"

"అనుమానం. అనుమానం మీద మామయ్యగారి మాట చెరపలేను కదా. రుజువు కావాలి." కుర్చీ నా వైపు జరిపింది. "ఇప్పుడు దొరికింది. తీసెయ్యాల్సింది మాత్రం నువ్వే."

అందరి ముందూ మాట పడ్డ మనిషి, ఎదురు ఒక్క మాట అనకుండా, నా తప్పును నా కళ్లతోనే నాకు చూపించింది. అంత ఓపిక, అంత న్యాయం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. కూర్చుని నాలుగో లైను చెరిపాను. ఖాళీ అయిన చోట ఇంకో లైను కొట్టాను. వదిన అడ్డం రాబోయింది, అప్పటికే పంపేశాను.

నాలుగింటికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"అందిందండీ, ఫైల్లో పెట్టేశాను. కింద మీ నాన్నగారి పేరుతో పాటు ఇంకో పేరుంది, ఇదివరకు చూడలేదు. ఎవరండీ?"

పొద్దున ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా, అద్దాల అవతల అందరికీ వినబడేలా చెప్పాను.

"మా వదినండీ. పన్నెండేళ్లుగా మీకు మెయిళ్లు రాస్తున్నది ఆవిడే."

అవతల అన్నయ్య ఉలి ఆగింది.