పగులు చూసేవాడు

యతిరాజులు పోత ముక్కకు ఎర్రరంగు పూసి, గుడ్డతో తుడిచి, పైన తెల్లపొడి చల్లాడు. పగులుంటే అందులో దాగిన రంగు తెలుపు మీదికి ఊరి గీతలా కనబడుతుంది. అంబత్తూరు ఫౌండ్రీలో ఇరవైతొమ్మిదేళ్లుగా ఆయన పని ఆ గీతను పట్టుకోవడమే. అన్నం కలిపే వేళ్ల గోళ్లు కూడా ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

"ఏం మామా, ఇంకా పోలా? పదకొండుకి గదా కేసుకి పిలిచింది?" అన్నాడు సూపర్‌వైజర్ బాలసుందరం.

"ఈ ఒక్కటీ సూసి పోతా అబ్బయా."

ఆయన టిఫిన్ సంచిలో ఇంకో ముక్క ఉంది. కొన్న ఇరవయ్యో రోజున, కొత్త స్కూటర్ ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఆ ముక్క పుటుక్కున విరిగింది. వెనక కూర్చున్న భార్య మునెమ్మ లారీ కింద పడింది. ఒళ్లోకి తీసుకుందామంటే తల మిగల్లేదు.

పడ్డందువల్లే విరిగిందని షోరూమ్ వాదన. పోతలోనే లోపమని తేలాలి.

"మీరు మాత్రం రంగు పూయొద్దు సార్. మీరే ఏదో చేశారంటారు. వినియోగదారుల కమిషనే సీలు వేసి ల్యాబుకి పంపాలి," అని మొదట్లోనే చెప్పింది వకీలు నీహారిక. ఏడు నెలలు రంగు డబ్బా పక్కనే పెట్టుకుని కూడా ఆయన దాన్ని ముట్టలేదు.

కమిషన్ ఆఫీసుకు పోతుంటే, బస్టాండు వెనక సందులో ఇద్దరు అడ్డొచ్చారు. ఒకణ్ణి గుర్తుపట్టాడు. షోరూమ్‌లో బండి తాళాలిచ్చి, చక్రం కింద నిమ్మకాయ పెట్టినవాడు.

"పెరుసూ, ముసలోడివి, ఆ సంచి ఈడ పెట్టి పో. షోరూమోళ్లు కొత్త బండి ఇస్తామన్నారు గదా, ఎక్కి తిరుగు," అన్నాడు రెండోవాడు.

"ఎనక ఎవుర్ని కూచోబెట్టుకునేదిరా?"

ఇనుపరాడ్డు పక్కటెముకల మీద దిగింది. మళ్లీ దిగింది. నోట్లోంచి పళ్లు రాలాయి. ఆయన సంచి మీద బోర్లా పడ్డాడు. వేళ్లు చితికేలా తొక్కినా వదల్లేదు. పూలమ్మే ముసలామె బిందెడు నీళ్లు వాళ్ల మొహాన కొట్టి, వీధంతా లేచేలా కేకలు పెట్టింది. పారిపోతూ నిమ్మకాయ పెట్టినవాడు వంగి, నేలమీద పడ్డ ఆయన కళ్లజోడు తీసి గోడమీద పెట్టాడు. పూలామె దాన్ని తుడిచి ఆయనకు పెట్టింది.

ఆటోవాడు ఆసుపత్రికి పోదామంటే, యతిరాజులు కమిషన్ ఆఫీసుకే పోనిమ్మన్నాడు.

"సార్, ముందు డాక్టరు దగ్గరికి..." నీహారిక ఆఫీసు గుమ్మంలోనే ఆయన భుజం పట్టుకుంది.

"ముందు సీలు ఎయ్యనీ తల్లీ."

సంచిలోకి ఇంకి ముక్కకు అంటిన నెత్తురును గుమస్తా తెల్లకాగితంతో తుడిచాడు. అంతా పోయింది. విరిగిన చోటికి అంగుళం అవతల, దారప్పోగులాంటి ఎర్రగీత ఒక్కటి పోలేదు.

"ఈడుంది సూడండి," అన్నాడు యతిరాజులు, ఫౌండ్రీలో రోజూ చెప్పినట్టే.

సంతకానికి వేళ్లు వంగలేదు. వేలిముద్ర వేసి, బెంచీమీద గోడకు ఆనుకున్నాడు. టీ తెచ్చిన ప్యూను రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

బల్లమీద, లక్కసీలు ఇంకా ఆరని సంచిలో ఆ పోత ముక్క ఉంది. పగులులో ఎరుపు ఇంకా తడిగానే ఉంది.