పన్నెండో సీసా

నేను ఒక గాజు సీసాను. కాఫీ పొడి కోసం పుట్టాను. నాతోపాటు అదే రోజు, అదే అచ్చులో, ఇంకో పదివేలమంది పుట్టారు. అంచేత నాకు ఎక్కువా తక్కువా తెలియవు. అవి మనుషుల జబ్బులు. ఆ జబ్బు బాగా ముదిరిన ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

ఇల్లు కాకినాడలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. ఇల్లాలు వసుంధర. భర్త కామేశం. చెప్పింది చెయ్యడం, చెప్పనిది చేసి చివాట్లు తినడం ఆ ఇంట్లో ఆయన ఉద్యోగం. కాఫీ పొడి అయిపోయిన రోజే నన్ను చెత్తబుట్టలో పడేసేవారు. కానీ ఆ వారమే పనిమనిషిగా నూకరత్నం చేరింది. ఆమెకు టీ ఎందులో పోయాలన్న సమస్య వచ్చిపడింది. ఇంట్లో స్టీలు గ్లాసులు పద్దెనిమిది ఉన్నాయి. అయినా సమస్యే. వసుంధర నన్ను కడిగి బాల్కనీ గట్టు మీద పెట్టి, "ఇదిగో, ఇది నీ గ్లాసు" అంది. మిగతావి ముట్టుకోవద్దని దాని అర్థం. మనుషుల మర్యాదని ఇలా తిరగేసి చదువుకోవాలి.

నూకరత్నం మాత్రం సూటిగానే చదువుకుంది. నాలుగిళ్ళ అంట్లు తోమి పదింటికి ఇక్కడికి వచ్చేది. ఆ రోజుకి ఆమె కడుపులో పడే మొదటి గుక్క నాలోంచే. బాల్కనీలో కాళ్ళు చాపుకుని, రెండు చేతులా నన్ను పట్టుకుని, అయిదు నిమిషాలు ఎవరు పిలిచినా పలికేది కాదు. "నా గళాసు" అనేది. ఆ ఇంట్లో ఆమె నాది అనగలిగిన వస్తువు అదొక్కటే. ఆ అయిదు నిమిషాలంటే నాకూ ప్రాణం.

ఇంతలో అపార్ట్‌మెంటుకి ప్లాస్టిక్ భయం పట్టుకుంది. మహిళా సంఘం ప్రెసిడెంటు ఇందుమతిగారు ప్లాస్టిక్ లేని వంటింటికి బహుమతి ప్రకటించారు. ఆదివారం స్వయంగా వచ్చి చూస్తారట. ఇక వసుంధర కాలు ఒకచోట నిలవలేదు. ఐస్‌క్రీం డబ్బాలు, మిఠాయి డబ్బాలు, పెరుగు డబ్బాలు, అన్నీ గోనెసంచీలో కుక్కింది. "ఇవన్నీ విషం రత్నం, వీటిల్లో తింటే లేనిపోని రోగాలు. పట్టుకుపో, మీ పిల్లలకి పనికొస్తాయి" అంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు.

వాటి బదులు పన్నెండు గాజు జాడీలు ఆన్‌లైన్లో తెప్పించింది. అందులో ఒకటి పగిలి వచ్చింది. మార్చి ఇవ్వడానికి పదిరోజులు పడుతుందన్నారు. పన్నెండు గడుల అరలో ఒక గడి బోసిగా ఉండిపోయింది. వసుంధర ఇల్లంతా వెతికి వెతికి నా దగ్గర ఆగింది. పగిలినదాని చెక్కమూత నాకు అతికినట్టు సరిపోయింది. చింతపండుతో తోమింది. ఉప్పునీళ్ళలో నానబెట్టింది. పసుపు కూడా రాసింది. పదకొండేళ్ళ మైల ఒక్క పూటలో వదిలిందట. బెల్లంపొడి నింపి చివరి గడిలో నిలబెట్టింది.

మర్నాడు నూకరత్నానికి టీ పెరుగు డబ్బాలో వచ్చింది. ఆ గోనెసంచీలోంచి వెనక్కి తీసినదే.

"నా గళాసేదండమ్మగారూ?"

"ఉందిలే. ఆదివారం దాకా దీంతో సర్దుకో."

నూకరత్నం డబ్బా కేసి చూసింది. "టీ వద్దులెండి, కడుపులో మంటగా ఉంది" అని చీపురు అందుకుంది. తర్వాత నాలుగు రోజులూ అదే మాట. ఖాళీ కడుపుతో గదులన్నీ ఊడుస్తుంటే అరలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. సీసాకి కోపం వస్తే మాత్రం ఏం చెయ్యగలదు?

ఆదివారం వచ్చింది. ఇందుమతిగారికీ, వెంట వచ్చే నలుగురు సంఘం వాళ్ళకీ పుదీనా మజ్జిగ జాడీల్లోనే ఇవ్వాలని వసుంధర ఏదో వీడియోలో చూసింది. అయిదు జాడీలు ఖాళీ చేసి కడగమని కామేశానికి పురమాయించి, పట్టుచీర కట్టుకోడానికి లోపలికి వెళ్ళింది. ఆయన చేతికి ముందుగా అందేది చివరి గడి. నాతోనే మొదలుపెట్టాడు. వాళ్ళు రాగానే మజ్జిగా ఆయనే పోసి ఇచ్చేశాడు.

వసుంధర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చేసరికి నేను ఇందుమతిగారి పెదవుల దగ్గర ఉన్నాను. సగం మజ్జిగ అయిపోయింది. వసుంధర ముఖంలో నెత్తురుచుక్క లేదు. పైకి చెప్పుకునే సంగతా అది?

"ఈ జాడీ భలే ఉందమ్మా, మిగతావాటిలా లేదు. ఎక్కడిది?" అన్నారు ఇందుమతిగారు.

వసుంధర పమిట సర్దుకుంది. "మా అమ్మమ్మదండి. నా పెళ్ళికి ఇచ్చింది."

కాఫీ కంపెనీ సరుకునైన నాకు అలా ఉన్నట్టుండి ఒక అమ్మమ్మ దొరికింది.

ఇందుమతిగారు నన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "పెద్దవాళ్ళ వస్తువుల్లో ఆ పవిత్రతే వేరు" అంటూ ఇంకో పెద్ద గుక్క నోట్లో పోసుకున్నారు. వంటింటి గుమ్మంలో తడిగుడ్డతో నిలబడ్డ నూకరత్నం గొంతు పెంచలేదు.

"అమ్మమ్మగారిది కాదండి. అది నేను టీ తాగే గళాసండి."

ఇందుమతిగారు మింగలేదు, కక్కలేదు. బుగ్గలు పొంగించుకుని ఒక క్షణం అలాగే కూర్చుని, వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తారు. మూడుసార్లు పుక్కిలించారు. గాజంత శుభ్రమైనది మరొకటి లేదని అంతకుముందే ఉపన్యాసం ఇచ్చిన నోరు అది. "మళ్ళీ కబురు చేస్తాం" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే. పట్టుకుపో దాన్ని. మళ్ళీ నా కంటపడకూడదు" అంది వసుంధర. రేపట్నించి రావద్దని మాత్రం అనలేదు. సింకు నిండా గిన్నెలున్నాయి.

నూకరత్నం నన్ను సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. పీచు అందుకుని లోపలా బయటా తోమింది. అంచు చుట్టూ వేలు పెట్టి మరీ రుద్దింది. కడిగింది, మళ్ళీ సబ్బు పెట్టింది.

"అరిగిపోతుంది. ఎందుకే ఆ తోముడు?" అంది వసుంధర, ఉండబట్టలేక.

"ఎవరో నోరు పెట్టారు కదండి" అంది నూకరత్నం.