కుట్టు విప్పిన అప్పీలు

కోర్టులో అందరూ ఆయన్ని దబ్బనం గుమాస్తా అనేవారు. ముప్పై నాలుగేళ్లుగా ఒకే వకీలు దగ్గర పని. కాగితాల అంచున మూడు కన్నాలు పొడిచి తెల్లదారంతో ఆయన కుట్టిన కట్టని మేడ మీంచి విసిరేసినా ఒక్క కాగితం ఊడదని చెప్పుకునేవారు. ఆయన కూడా ఆ మాట కాదనేవాడు కాదు.

ఆయన కోడలు అదే కోర్టులో ఫైలింగ్ కౌంటర్ చూసేది. ఎవరు ఏ కాగితం దాఖలు చేయాలన్నా ముందు ఆమె చేతిలో పడాలి. అన్నీ సరిగ్గా ఉంటే ముద్ర వేస్తుంది, లేకపోతే లోపాలు చీటీ మీద రాసి తిప్పి పంపుతుంది. ఆ సీటులోకి వచ్చి నాలుగు నెలలయింది. వచ్చిన దగ్గర్నుంచీ వారానికో కొత్త నిబంధన. కౌంటర్ సాయంత్రం ఐదుకి బదులు మూడింటికే మూసేస్తారన్నారు. ప్రతి పేజీకీ పైన కుడివైపు అంకె ఉండాలన్నారు, ముందు విషయసూచిక ఉండాలన్నారు. చివరికి కట్టలు కుట్టకూడదనీ, కాగితాలన్నీ యంత్రంలో స్కాన్ చేయాలి కాబట్టి విడిగా క్లిప్పు పెట్టి ఇమ్మనీ నోటీసు వచ్చింది. అది టైపు చేసి బోర్డుకి అంటించింది కోడలే.

మామగారు బోర్డు వైపు పోలేదు. మర్నాడు ఎప్పటిలాగే చక్కగా కుట్టిన కట్ట కౌంటర్లో పెట్టాడు. వెనక ఇరవై మంది ఉన్నారు. ఆమె "తీసుకోవడానికి వీల్లేదండీ గుమాస్తాగారూ," అని చీటీ రాసిచ్చింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె మేడంగారైపోయింది. "మేడంగారిని కాస్త మంచినీళ్లు ఇమ్మను," అని భార్యతో అనేవాడు, ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే. పెళ్లయిన ఆరేళ్లలో అమ్మాయ్ అని తప్ప పిలవని మనిషి. కొడుకు అటు తండ్రికీ ఇటు భార్యకీ తల ఊపి కంచంలోకి చూసుకునేవాడు. అత్తగారు మాత్రం, కోర్టు గొడవలు అన్నాల దగ్గరికి తేవద్దని ఇద్దరినీ కసిరింది. కోడలు నోటీసుల నకళ్లు మామగారి కళ్లజోడు పెట్టె కింద పెట్టి చూసింది. పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఇంత మొండితనమేమిటని ఆమెకి కోపం కూడా వచ్చింది.

రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం, రెండుంబావుకి ఆయన మళ్లీ కౌంటర్ ముందుకొచ్చాడు. కొట్టు ఖాళీ చేయమని తీర్పు వచ్చిన ఒక టైలరమ్మ తరఫు అప్పీలు. మళ్లీ కుట్టే ఉంది. విషయసూచిక లేదు, అంకెలు లేవు. తీర్పు తేదీ చూసి కోడలు వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. గడువు ఇవాళ్టితో సరి. ఆ టైలరమ్మ మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి గోడవారన నిలబడి ఉంది.

"ఇలా తీసుకోలేనండీ," అంది.

ఆయన గొంతు తగ్గించాడు. "ఆవిడకి ఇంకో రోజు లేదమ్మాయ్."

ఆ పిలుపు వినగానే ఆమెకి కళ్లు చెమర్చాయి. సీటు పక్కనున్న సహోద్యోగికి అప్పగించి, పక్క తలుపులోంచి వరండాలోకి వచ్చి బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది. కత్తెర ఆయన చేతికే ఇచ్చింది. తను వేసిన కుట్టు తనే తెంపాడాయన. విషయసూచిక తను రాస్తానని, అంకెలు ఆయన్ని వేయమని చెప్పింది.

కాసేపటికి ఎందుకో తలతిప్పి చూసింది. పన్నెండో కాగితాన్ని ఆయన తలకిందులుగా పట్టుకుని, శ్రద్ధగా అంకె వేస్తున్నాడు. తర్వాతి కాగితం వేళ్లతో తడిమి అంచు వెతుక్కుంటున్నాడు. కుట్టడానికి కళ్లతో పనిలేదు, చేతులకి అలవాటు. చదవడమే ఆయన వల్ల కావడం లేదు. బోర్డు దగ్గరికి ఎందుకు పోలేదో, నకళ్లు ఎందుకు కదల్లేదో ఆమెకి అప్పుడు తెలిసింది. వకీలుకి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

ఆమె కలం మెల్లిగా తీసుకుంది. "మీరు కాగితాలు అందించండి మామయ్యగారూ. అంకెలు నేను వేస్తా."

ఆయన ఒక్కొక్కటీ అందించాడు. చివరి కాగితం ఇస్తూ, "ఎన్నాళ్లనుంచని అడగవేం?" అన్నాడు.

"సోమవారం డాక్టరు అడుగుతాడుగా. నేను సెలవు పెడుతున్నా."

మూడింటికి ఏడు నిమిషాలుండగా సహోద్యోగి అప్పీలు చూసి, వంక పెట్టడానికేమీ లేక ముద్ర వేశాడు. తర్వాతి నెలలో ఆ తీర్పు అమలు ఆగింది. టైలరమ్మ కొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

కళ్లలో శుక్లాలన్నాడు డాక్టరు. ఆపరేషనయ్యాక రెండు వారాలు కళ్లకి శ్రమ ఇవ్వొద్దనడంతో మామగారు నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. కోడలు సాయంత్రం రాగానే నోటీసులు మొదటి నుంచీ చదివి వినిపించేది. అన్నాల వేళ దాటినా అత్తగారు కసరడం మానేసింది. కౌంటర్ మూడింటికి మూసేస్తారన్న చోట ఆయన ఆపాడు. "అదెలా కుదురుతుందమ్మాయ్? పై అంతస్తులో తీర్పు నకళ్లు ఇచ్చేదే మూడు దాటాక. గడువు చివరి రోజున నకలు చేతికొచ్చినవాడు ఏ కౌంటర్లో ఇస్తాడు?"

ఆ మాట ఆమెకి కూడా తట్టలేదు. మర్నాడు పై అధికారికి రాసిచ్చింది. ఎవరు కనిపెట్టారని ఆయన అడిగితే, మా ఇంట్లో పెద్దాయనండీ అంది. వారం తిరక్కుండా కౌంటర్ వేళ నాలుగున్నరకి మార్చారు. కొత్త నోటీసుని ఆమె ఈసారి దూరంనుంచి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో టైపు చేసి, ఒక నకలు ఇంటికి పట్టుకెళ్లి చదివింది.

మామగారు కళ్లు మూసుకుని విన్నాడు. "ఆ వేళ దగ్గర మళ్లీ ఓసారి చదువమ్మా," అన్నాడు.