పొడిగాలిలో పొగమంచు

ఆ చిన్న విమానాశ్రయంలో మబ్బుల కబుర్లు చెప్పేది ఓ మొగుడూ పెళ్లామూ. రాత్రి డ్యూటీ ఆయనది, పగలు ఆవిడది. డ్యూటీ మారే ఆ కాసేపట్లోనే సంసారమంతా చేసుకొచ్చారంటే నమ్మండి! ఆయన్ని అందరూ మబ్బులాయన అంటారు. ఆవిడకి ఏ పేరు పెట్టాలన్నా అందరికీ భయం.

ఆవేళ పొద్దున్నే ఆవిడ వచ్చేసరికి ఆయన మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి కళ్లు చికిలించి చూస్తున్నాడు. ఎదురుగా నీళ్ల ట్యాంకు, దాని వెనక దూరంగా ఇటుకబట్టీ పొగగొట్టం. ఆ గొట్టం కనబడకపోతే పొగమంచు పట్టినట్టే లెక్క, విమానాలు దిగకూడదు.

"గొట్టం లేదు. వచ్చే విమానాన్ని ఆగమని చెప్పు" అన్నాడు.

ఆవిడ చూసింది. గొట్టం అంచున వాలిన కాకితో సహా కనబడుతోంది. ఈమధ్య ఆయన రిజిస్టర్లో తెగ పొగమంచని రాస్తుంటే, ఎండ రాగానే విడిపోతోందిలే అనుకుని ఊరుకుంది. ఎంత పిచ్చిది!

వెళ్లి చెక్కపెట్టె తెరిచింది. లోపల రెండు థర్మామీటర్లు, ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి తనలోని తడిని మోసినంతసేపు మోస్తుంది. చల్లబడితే ఇక మోయలేక, కంటికి కనబడని ధూళి మీద సన్నటి చుక్కలుగా దింపేస్తుంది. ఆ పని పైన జరిగితే మబ్బు, మన కాళ్ల దగ్గర జరిగితే పొగమంచు. అలాంటప్పుడు తడిగుడ్డ కూడా ఆరదు, రెండు థర్మామీటర్లూ ఒకే మాట చెబుతాయి. పెళ్లికి ముందు ఇదంతా ఆవిడకి నేర్పింది ఆయనే. ఇవాళ మాత్రం రెంటికీ బొత్తిగా పొత్తు కుదరలేదు.

ముందు విమానాన్ని రమ్మని చెప్పి, ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, గాలి పొడిగా ఉంది. మీ పొగమంచు గాలిలో లేదు కదూ?"

ఆయన పిట్టగోడని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎడమకన్ను ఎప్పుడో మసకేసింది. ఇప్పుడు రెండోదీ మొదలెట్టింది. మా నాన్న ఇలాగే శుక్లం తీయించుకోడానికి వెళ్లి, ఉన్న కాస్త చూపూ పోగొట్టుకుని వచ్చాడు. నాకు నువ్వు మసగ్గానైనా కనబడుతున్నావు. అది కూడా పోతే?"

"చాల్లెండి సంబడం! విమానంలో వాళ్లకి పెళ్లాం పిల్లలు లేరా?" అని కసిరింది. కసురుతూనే ఏడ్చేసింది. తర్వాత ముక్కు తుడుచుకుని అంది, "ఆ ఎడమకంట్లో పోవడానికి ఇంకేం మిగిలింది? దానితోనే మొదలెడదాం. పక్కనే కూర్చుంటాను."

ఆయనకి భయంలోనూ నవ్వొచ్చింది. సరేనన్నాడు.

చలికాలం వచ్చింది. రెండు కళ్ల కట్లూ విప్పి ఆయన మళ్లీ డ్యూటీ ఎక్కాక, ఒకరోజు పొద్దున ఆవిడ మెట్లెక్కుతుంటే పైనుంచి కేక.

"గొట్టం లేదు! ట్యాంకు కూడా లేదే!"

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. చుట్టూ చూడాలని కూడా తోచక పరుగున పెట్టె దగ్గరికి వెళ్లింది. రెండు థర్మామీటర్లూ ఒక్క గీత దగ్గరే నిలబడ్డాయి.

"నిజమైనదేనండీ!" అంది వగరుస్తూ.

ఆయన గొట్టం వైపు చూడటమే లేదు. మంచు చుక్కలు పట్టిన ఆవిడ తలనే చూస్తున్నాడు.

"ఇంత జుట్టు ఎప్పుడు నెరిసిందే నీకు?"

"మీరు చూడనప్పుడు" అంది ఆవిడ.