ఇంట్లో మరిచిపోయిన డబ్బా

కోర్టులో చూపించాల్సిన టిఫిన్ డబ్బాను రాజకుమారి పొద్దున్నుంచి మూడోసారి తోముతోంది. మూడు గిన్నెల స్టీలు డబ్బా. పదిహేడేళ్లుగా దీన్ని తోమిందీ తనే, నింపిందీ తనే, సంచిలో పెట్టుకుని బొగ్గుబాయి మీదికి డ్యూటీకి మోసిందీ తనే. ఈరోజు మాత్రం దీన్ని మొగుడు మోసుకొచ్చాడని జడ్జి ముందు చెప్పాలి.

"మరీ గంత తోమకు, కొత్తదనుకుంటరు," అంది గడపలో కూర్చున్న అత్త పూలమ్మ. "ఏం కూర అని అడుగుతరు. బెండకాయ అను. నేనే వాని చేతికిచ్చి పంపిన్నని చెప్పు. నీ నోట్లె ఉన్నది బిడ్డా, వాని పానం. ఇంకోపాలి అను."

"బెండకాయ," అంది రాజకుమారి.

ఆమె మొగుడు రఘుపతి స్వజన సేనకు నాయకుడు. రామగుండం నుంచి కాసిపేట దాకా గోడల మీద అతని బొమ్మే. మనోళ్ల దగ్గరే కొనాలి, మన ఆడపిల్లల్ని మనమే కాపాడుకోవాలి అని మైకులో అరిచేవాడు. అతను అరిచిన మర్నాడు ఎవరో ఒక బీదవాడి బండి తిరగబడేది. ఆ ప్రసంగాలకి మొదటిసారి ఏడాది శిక్ష పడింది. పండ్లబండ్లు తగలబెట్టించినందుకు రెండోసారి మూడేళ్లు. విడుదలైన ప్రతిసారీ డప్పులు, దండలు, ఊరేగింపు. డ్యూటీ నుంచి పరుగెత్తుకొచ్చి ఆమె హారతి పట్టేది, పేపర్ ఫోటోలో ఆమె చేతులు మాత్రం పడేవి. "జైలంటే నాకు అత్తగారిల్లు" అని అందరి ముందూ నవ్వేవాడు మహానుభావుడు. నిజానికి అతను ఇన్నేళ్లూ కాలు మీద కాలేసుకుని ఉన్నది మామ ప్రాణం పోతే వచ్చిన క్వార్టర్‌లోనే. బాయిలో పైకప్పు కూలి తండ్రి సదయ్య పోయాక ఆ ఉద్యోగం రాజకుమారికిచ్చారు. "మొగోళ్ల నడుమ కొలువు చేసేదాన్ని చేసుకున్న, నా గొప్పతనం అది" అనేవాడు రఘుపతి, ఆమె జీతంతో కొన్న చొక్కా వేసుకుంటూ.

ఆమె పని ల్యాంపు రూంలో. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆమెకిచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషి లోపలే ఉండిపోయాడని లెక్క. తండ్రి బిళ్ల అలాగే మిగిలింది. అందుకే ఆఖరి బిళ్ల కదిలేదాకా ఆమెకు ఇప్పటికీ గుండె కుదుటపడదు.

ఈ కేసు మొదలైన రోజు ఆమెది మధ్యాహ్నం షిఫ్టు. ఇంటెడు చాకిరీ ముగించి పరుగున పోయి డబ్బా ఇంట్లో మరిచిపోయింది. మూడింటికి మొగుడికి ఫోన్ చేసింది.

"జర డబ్బా తెచ్చిస్తవా? పొద్దుగాల్నుంచి ఏం తినలే."

"ఏమే, నేను సేన నడిపేటోన్నా, నీకు టిఫిన్లు మోసేటోన్నా? ఒక్కపూట తినకుంటే సస్తవా?"

ఫోన్ పెట్టేసి, దాన్ని ఇంట్లోనే వదిలి రఘుపతి బయటికి వెళ్లాడు.

పొద్దుటి షిఫ్టులో ఆఖరున పైకొచ్చింది పంపు ఆపరేటర్ యాకూబ్. కిటికీలోంచి దీపం ఇస్తూ ఆమె మొహం చూశాడు. "ఏందక్కా, గట్ల వాడిపోయినవ్? బువ్వ తినలేదా?" డబ్బా మరిచానంది. అతను సంచిలోంచి రెండు జామకాయలు తీసి కిటికీలో పెట్టాడు. "మా ఇంటి చెట్టువే. కడిగినయే, తిను." తన బిళ్ల తీసుకుని వెళ్లాడు. ఆ షిఫ్టు వాళ్లందరూ పైకొచ్చారన్న నిమ్మళంతో ఆమె జామకాయ కొరికింది.

కాసేపటికే, మూడున్నరకి, ఇంటికి పోయే దారిలో కల్వర్టు దగ్గర యాకూబ్‌ని కొట్టి చంపారు. మొదటి దెబ్బ రఘుపతిదే అన్నారు చూసినవాళ్లు. యాకూబ్ తమ్ముడు మనోళ్ల పిల్లను తిప్పుతున్నాడని ముందురోజు సభలో చెప్పిందీ అతనే. ఆ పిల్లా, ఆ తమ్ముడూ ఒకే ఆటోలో కాలేజీకి పోయేవాళ్లు, అంతకుమించి ఏమీ లేదు.

రఘుపతి వకీలు వేణుమాధవ్‌కి ఆ ఫోన్ కాల్ వరమైంది. "భార్య డబ్బా మరిచింది, భర్త తెచ్చిచ్చిండు. మూడున్నరకి ల్యాంపు రూం కాడ ఉన్నోడు కల్వర్టు కాడ ఎట్లుంటడు? మీరొక్క మాట చెప్తే చాలమ్మా." జైల్లో ములాఖత్‌కి పోయినప్పుడు రఘుపతి ఊచల అవతలినుంచి మెత్తగా, "రాజీ, తిన్నవా?" అన్నాడు. పదిహేడేళ్లలో ఎన్నడూ అడగని మాట. ఆమెకు కళ్లు నిండాయి. ఆ కన్నీళ్లు తుడుచుకునేలోపే, "బెండకాయ. యాదుంచుకో," అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ అబద్ధాన్ని బట్టీ పడుతుంటే ఒక సంగతి తెలిసి ఆమెకే సిగ్గేసింది. ఆ అబద్ధం ఆమెకు నచ్చుతోంది. కిటికీ అవతల మొగుడు, చేతిలో డబ్బా, ఎండకి చెమట పట్టిన మొహం, మరిచిపోయినవ్ గదనే అని చిన్న కసురు. ఎవరినీ చంపని మొగుడు. అది నిజమై ఉంటే ఎంత బాగుండేదని బావి దగ్గర, బస్సులో, దీపాల మధ్య ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ మనిషి ఎప్పుడూ లేడని అర్థమయ్యాక ఇంకా ఏడ్చింది.

కోర్టు నిండా సేనవాళ్లు. కండువాతో రఘుపతి పెళ్లికొడుకులా నిలబడ్డాడు. వెనక బెంచీలో యాకూబ్ భార్య ఒక్కతే తలొంచుకుని కూర్చుంది. బోనెక్కిన రాజకుమారికి ఎదురుగా బల్ల మీద తను తోమిన డబ్బా. దాని పక్కన ప్లాస్టిక్ సంచిలో, యాకూబ్ జేబులో పోలీసులకు దొరికిన ఇత్తడి బిళ్ల. ఆమె చేతిమీదుగానే వెళ్లింది అది. షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. బిళ్ల మాత్రం మిగిలింది.

"చెప్పండమ్మా," అన్నాడు వేణుమాధవ్. "ఆ రోజు మూడున్నరకి మీకు తిండి తెచ్చిచ్చింది ఎవరు?"

రఘుపతి తలాడించాడు. పూలమ్మ పెదవులు బెండకాయ, బెండకాయ అని కదులుతున్నాయి. రాజకుమారికి నోట్లో జామకాయ వగరు తగిలింది.

"డబ్బా ఇంట్లనే ఉండె సార్. పదిహేడేండ్లల్ల నా మొగడు ఒక్కనాడు గూడ తెచ్చియ్యలే," అంది. వెనక బెంచీ వైపు చూసింది. "ఆ పూట నాకు తిండి పెట్టింది యాకూబ్."