స్టాప్ అంటే ఆగని క్రేను

క్రేను నడిపేవాణ్ని యార్డులో అందరూ పంతులనే పిలిచేవారు. పిలవరూ మరి? పొద్దస్తమానం ఎదుటివాళ్ల మాటలు దిద్దడమే పని. "ఎత్తు, దించు, ఆపు. ఈ మూడు ముక్కలు అనలేని నోటికి నా చెయ్యి కదలదు," అని కొత్తవాళ్లకు ముందే చెప్పేవాడు. అన్నంత పనీ చేసేవాడు. ఎవరైనా ‘లిఫ్ట్’ అన్నారా, పైన కేబిన్లో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. క్రేను, కేబిను, లివరు మాత్రం అతని నోట్లో ఎప్పుడో మన మాటలైపోయాయి. వాటి జోలికి వెళ్లేవాడు కాదు, మహానుభావుడు.

ఆ రోజు కింద వాకీటాకీ పట్టుకున్నది అతని బావమరిది. పనిలో చేరి నెల కూడా కాలేదు. ఇనుప దూలం గోడ అవతలికి దిగుతోంది. అటువైపు ఏం జరుగుతోందో పంతులుకు కనబడదు. చెవిలో పడే మాటే ఆధారం.

"దించు బావా... దించు... ఇంకొంచెం..."

గాలి విసురుకు దూలం ఊగింది.

"స్టాప్. బావా, స్టాప్ స్టాప్."

పంతులుకు ఒళ్లు మండింది. అన్నం దగ్గర కూడా చెప్పాడే వీడికి! సొంతవాడే ఇలా అంటే రేపు మిగతావాళ్లు లెక్కచేస్తారా? చెయ్యి కదపలేదు. లివరు వంచినట్టే ఉంది, దూలం దిగుతూనే ఉంది.

"ఆపు..."

ఆ మాట ఏడుపులా వచ్చింది. పంతులు చటుక్కున ఆపి, ఎవరూ చెప్పకుండానే దూలం ఎత్తాడు. నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. దూలం కింద నలిగి బావమరిది రెండు వేళ్లు పోయాయి. పంతులు భార్య మంచం పక్కన కూర్చుని తమ్ముడి నుదురు నిమురుతోంది. పంతులు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

"నువ్వేం బాధపడకు బావా," అన్నాడు బావమరిది. "గాలి హోరులో నీకు వినబడి ఉండదు. మేనేజరుకీ అదే చెప్పా."

"వినబడితే ఆయన ఆపకుండా ఉంటాడట్రా," అంది అక్క.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. ఉద్యోగం నిలిచేది, ఇల్లు నిలిచేది.

"వినబడిందిరా," అన్నాడు పంతులు. "మొదటిసారే వినబడింది."

అక్క చెయ్యి తమ్ముడి నుదుటి మీదే ఆగిపోయింది. బావమరిది కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కిందికి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.